ఒకే లేన్‌లో ఆరుగురు

చిన్నప్పుడు ఈత పోటీల్లో స్టేట్ లెవెల్ దాకా వెళ్ళి, ఇప్పుడు పూల్ ఛాయలకే పోనివాళ్ళు మీ చుట్టూ ఒక్కరైనా ఉంటారు. "ఎందుకు మానేశావ్ రా?" అంటే, "విసుగొచ్చింది అన్నా" అంటారు. రాదా మరి! తెల్లారకముందే లేవడం, నీళ్ళ అడుగున నల్లగీత చూస్తూ పోవడం, గోడ తన్ని తిరిగితే మళ్ళీ అదే గీత. పక్క లేన్‌లో ఉన్నది ఫ్రెండే, కానీ సెలెక్షన్స్ దగ్గరపడితే వాడి టైమింగ్ మీదే కన్ను.

ఇలాంటివాళ్ళు కూడా మళ్ళీ నీళ్ళలో దిగేలా చేసింది మాస్టర్స్ స్విమ్మింగ్, అంటే పెద్దవాళ్ళ కోసం పెట్టే ఈత, ఈత పోటీలు. అమెరికా నేవీలో రాన్సమ్ ఆర్థర్ అని ఒక డాక్టర్ ఉండేవారు. పెద్దవాళ్ళకి పోటీ అనే సాకు ఒకటి ఉంటే వ్యాయామం మానరని ఆయన నమ్మకం. 1970 మే నెలలో టెక్సాస్‌లోని అమరిల్లోలో మొదటి మీట్ పెడితే పట్టుమని వంద మంది కూడా రాలేదు. 1986కల్లా టోక్యోలో ప్రపంచ పోటీలే జరిగాయి. మన దగ్గరా స్విమ్మింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా మాస్టర్స్ నేషనల్స్ పెడుతోంది.

అమెరికా స్విమ్మర్ డారా టోరెస్ కథ వినే ఉంటారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో, 41 ఏళ్ళ వయసులో మూడు రజతాలు. 50 మీటర్లలో సెకనులో నూరో వంతు తేడాతో బంగారం పోయింది. అందరూ చెప్పేది ఇదే. నాకు మాత్రం అంతకుముందు ముచ్చట ఇష్టం. రిటైరయ్యాక, కడుపుతో ఉన్నప్పుడు, ఫ్లోరిడాలో ఒక మాస్టర్స్ గుంపుతో ఊరికే ఈదడానికి వెళ్ళేది. పక్కన ఎవరో నడివయసాయన వేగం పెంచితే చాలు, ఈవిడా పెంచేది! పతకం లేదు, చూసేవాళ్ళు లేరు.

ఇలాంటి గుంపుల్లో ఉండే మజా లేన్‌లోనే ఉంది. ఒకే లేన్‌లో ఐదారుగురు. ఒక పక్కగా వెళ్ళి రెండో పక్కగా రావాలి. ముందువాళ్ళు కదిలాక ఐదు సెకన్లు ఆగి గోడ తన్ని బయల్దేరాలి. దాటాలనుకుంటే పాదం మీద చిన్నగా తట్టడమే. తట్టించుకున్నాయన గోడ దగ్గర మూలకి జరిగి దారిస్తాడు. పాదాల వెనకే ఉంటే ఆయన చీల్చిన నీళ్ళలో మనకి శ్రమ తగ్గుతుంది కూడా. ఇక గోడ దగ్గర ఆ పది సెకన్లు! గాగుల్స్ నుదుటి మీదకి తోసి, రొప్పుతూనే సగం జోకు. మిగతా సగం వచ్చే రౌండ్ తర్వాత.

రిలే అయితే ఇంకా సరదా. నలుగురి వయసులూ కలిపి కేటగిరీ కడతారు: 200 నుంచి 239 ఒకటి, 240 నుంచి 279 ఇంకోటి. 240కి రెండేళ్ళు తక్కువైతే, పై కేటగిరీలోకి ఎక్కడానికి టీమంతా డెబ్బై దాటిన పెద్దాయన కోసం వేట మొదలుపెడుతుంది. దొరికాక ముందు అడిగేది టైమింగ్ కాదు, "బాబాయ్, డిసెంబర్ 31కి మీకెన్ని నిండుతాయి?"