తొకుషిమా వీధుల్లో పిల్లల అవా ఒదోరి

నమస్కారమండీ. ఇప్పుడు మీరు చూస్తున్నది జపాన్‌లోని షికోకు దీవిలో ఉన్న తొకుషిమా నగరం. ఏటా ఆగస్టు 12 నుంచి 15 దాకా ఇక్కడి వీధుల్లో అవా ఒదోరి అనే నాట్యం జరుగుతుంది. ఈ పండుగ వీడియోల్లో కెమెరా ఎక్కువగా పెద్దవాళ్ల మీదే ఉంటుంది. మనం ఇవాళ పిల్లల్ని చూద్దాం.

అదిగో, ఆ ముందు వరస చూడండి. కొందరికి ఐదేళ్లు కూడా ఉండవేమో! మోకాళ్లు బాగా వంచి, చేతులు తలపైకెత్తి, రెండు దెబ్బల తాళానికి అడుగులేస్తున్నారు. చూడ్డానికి తేలికే. మీరు ఒకసారి లేచి ప్రయత్నించండి. కుడి కాలు ముందుకు వేసేటప్పుడు కుడి చెయ్యే ముందుకు రావాలి. మనం మామూలుగా నడిచేదానికి పూర్తిగా వ్యతిరేకం. నాలుగడుగులకే చేతులు తికమక పడతాయి. పైగా నడుము వంచే ఉండాలి. ఈ పిల్లలు అలాగే వీధి చివరిదాకా ఆడుతూ వెళ్తారు.

ఆడవాళ్ల పద్ధతి వేరు. యుకాతా అనే పల్చటి నూలు కిమోనో కట్టుకుని, అర్ధచంద్రాకారంలో మడిచిన గడ్డి టోపీ పెట్టుకుని, చెక్క చెప్పుల మునివేళ్ల మీద నిలబడి ఆడాలి. అందుకేనేమో, చాలా బృందాల్లో చిన్న ఆడపిల్లలు పొట్టి కోటు లాంటి హప్పి వేసుకుని మగవాళ్ల అడుగులే వేస్తారు. నాకైతే వాళ్ల ఆటే ఎక్కువ నచ్చుతుంది, ఎంత హుషారో!

ఆడే బృందాన్ని ఇక్కడ రెన్ అంటారు. షామిసెన్ అనే తీగల వాయిద్యం, వేణువు, డప్పులు వెనక వస్తాయి. వేగాన్ని నడిపేది మాత్రం చేతిలో పట్టుకుని కొట్టే చిన్న కంచు వాయిద్యం. "యత్తో సా!" అని ఒకరు అరిస్తే, "యత్తో యత్తో!" అని మిగతావాళ్లు అందుకుంటారు. ఆ కేకల్లో పిల్లల గొంతులే ముందు వినిపిస్తాయి.

ఇదంతా ఒబొన్ పండుగలో భాగం. చనిపోయిన పెద్దలు ఈ రోజుల్లో ఇంటికొచ్చి వెళ్తారని జపాన్‌వాళ్ల నమ్మకం. దీని మూలం బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడి కథలో ఉంది. ప్రేతలోకంలో ఆకలితో అలమటిస్తున్న తల్లికి, బుద్ధుడు చెప్పినట్టు భిక్షువులకు దానం చేసి విముక్తి కలిగించాడట. ఆ సంతోషంలో ఆయన చిందులేశాడని, ఒబొన్ నాట్యాలు అలా మొదలయ్యాయని చెబుతారు. పెద్దల్ని తలుచుకునే రోజున ఆటలేంటని తెలంగాణవాళ్లు అడగరు. పెత్రమాస నాడే కదా అక్కడ ఎంగిలిపూల బతుకమ్మ ఆడేది!

పిల్లల డ్యాన్స్ అనగానే మనలో చాలామందికి జడ్జీలు, బహుమతులు, స్టేజీ పక్కన అమ్మానాన్నల టెన్షన్ గుర్తొస్తాయి. ఇక్కడ చాలామంది పిల్లలు అమ్మానాన్నలున్న రెన్‌లోనే చేరతారు. పండుగకు కొన్ని నెలల ముందు నుంచే సాయంత్రాలు పార్కుల్లో పెద్దవాళ్ల పక్కన నిలబడి నేర్చుకుంటారు. అడుగు తప్పినా ఆట ఆగదు, వెనకవాళ్లను చూసి మళ్లీ కలుస్తారు. పిల్లలకు నాట్యం నేర్పడానికి ఇంతకన్నా మంచి దారి ఉందని నేననుకోను. 2020లో కోవిడ్ వల్ల పండుగ రద్దయినప్పుడు అక్కడివాళ్లు అంత బాధపడింది కూడా ఇందుకే అనిపిస్తుంది. పక్కన నిలబడి నేర్చుకునే ఆట, ఆన్‌లైన్‌లో ఎంతని నేర్పుతారు?

ఆడేవాళ్లూ వెర్రివాళ్లే, చూసేవాళ్లూ వెర్రివాళ్లే, అలాంటప్పుడు ఆడకపోతే మనకే నష్టం అని వాళ్ల పాట. మాటవరసకు కాదు, నిజంగానే పిలుస్తారు. నివాకా రెన్ అని, ముందుగా ఏమీ నేర్చుకోనివాళ్ల కోసం అప్పటికప్పుడు కట్టే బృందాలున్నాయి. మామూలు బట్టల్లోనే చేరొచ్చు, పిల్లల్ని కూడా తీసుకెళ్లొచ్చు.

టోక్యోలో ఉంటున్న మన తెలుగువాళ్లు అంత దూరం వెళ్లలేకపోతే టోక్యోలోనే ఉన్న కోఎంజీ ప్రాంతానికి వెళ్లండి. 1957లో అక్కడ మొదలైన అవా ఒదోరి ఇప్పుడు ఆగస్టు చివర్లో జరుగుతుంది, అక్కడా పిల్లలు ఆడతారు. రద్దీ బాగా ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు సాయంత్రం మొదలవ్వకముందే చేరుకుని, రోడ్డు పక్కన ముందు వరసలో కూర్చోండి.