సెల్ఫ్ వాటరింగ్ కుండీ రివ్యూ: అసలు గొడవంతా ఆ చిల్లుతోనే

నమస్కారం అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ 12 అంగుళాల సెల్ఫ్ వాటరింగ్ కుండీ, అంటే అడుగు తొట్టిలోంచి మట్టే నీళ్లు పీల్చుకునే కుండీ, కంపెనీ వాళ్లు ఉచితంగా పంపిందే. వీడియోకి డబ్బులు మాత్రం తీసుకోలేదు. కొలతలు, ఏయే రంగుల్లో దొరుకుతుంది అన్నవి మీరు ఈపాటికి చూసే ఉంటారు, వాటి జోలికి పోను. రంగురంగుల మొక్కలు కలిపి పెట్టుకోవడానికి ఇది పనికొస్తుందా లేదా, అది చూద్దాం.

అడుగున నీళ్ల తొట్టి, దానిమీద చిల్లుల పళ్లెం. పళ్లెం మధ్యలోంచి తొట్టిలోకి దిగిన ఈ గిన్నె చూశారా? ప్రాణమంతా ఇక్కడే ఉంది. దీపంలో వత్తి నూనె పీల్చినట్టు, ఈ గిన్నెలో మట్టే నీళ్లని పైకి లాగాలి. మట్టి వదులుగా పడితే మధ్యలో ఖాళీలు ఉండిపోయి నీళ్లు ఎక్కవు. అందుకే మట్టి మిశ్రమాన్ని ముందే తడిపి, గిన్నెలో వేళ్లతో అదమండి. పైన మాత్రం అదమొద్దు, గుల్లగా ఉండాలి. ఆ మిశ్రమంలోకి కోకోపీట్ (కొబ్బరి పొట్టు) 2 పాళ్లు, వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) 1, పెర్లైట్ (గుల్లగా ఉండే తేలికైన తెల్ల రాతి పలుకులు) 1. తోటమట్టి వద్దు, గట్టిపడిపోయి గాలి ఆడనివ్వదు. అడుగున గులకరాళ్లూ వద్దు. వాటివల్ల నీళ్లు త్వరగా దిగిపోవు సరికదా, గిన్నెకి మట్టితో ఉన్న సంబంధమే తెగిపోతుంది.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. ఎక్కువైన నీళ్లు బయటికి పోవడానికి పక్కన ఒక చిల్లు ఉండాలి కదా, దాన్ని మూసి పంపారు! గుర్తు పెట్టి, కావాలంటే పొడుచుకోమంటున్నారు. కావాలంటే ఏంటండీ? ఆరుబయట పెట్టిన కుండీకి అది ఉండి తీరాలి. ఒక్క గట్టి వాన పడిందంటే తొట్టి నిండి, పళ్లెం దాటి, వేర్ల దాకా నీళ్లు నిలుస్తాయి. గాలి అందక వేర్లు కుళ్లుతాయి. అప్పుడు ఆకులు వాలిపోతాయి, నీళ్లు చాలలేదేమో అనుకుని మనం ఇంకా పోస్తాం. ఇలా పోయే మొక్కలే ఎక్కువ.

పైగా ఆ గుర్తు సరిగ్గా పళ్లెం ఎత్తులోనే ఉంది. దానికి ఒక సెంటీమీటరు కింద, 8 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో చిల్లు పెట్టండి. అప్పుడు పళ్లానికీ నీళ్లకీ మధ్య గాలి ఉంటుంది. నీళ్లు పోసే గొట్టానికి మూత కూడా ఇవ్వలేదు, దోమలు గుడ్లు పెట్టేస్తాయి. సన్నటి వల కట్టేయండి. దారపు వత్తి ఉండే పాత రకం కుండీల కంటే మాత్రం ఇది చాలా నయం. ఆ వత్తులు లవణాలు పేరుకుని మూసుకుపోయేవి.

మొక్కల సంగతి. ఎప్పుడూ అడుగు తడిగా ఉండే కుండీ కాబట్టి నీళ్లు ఇష్టపడేవే పెట్టాలి. మధ్యలో ముదురు ఊదా ఆకుల కోలియస్ ఒకటి, చుట్టూ నారింజ పూల న్యూ గినియా ఇంపేషన్స్ మూడు, అంచు నుంచి జారేలా లేత పచ్చ ఆకుల చిలగడదుంప తీగ ఒకటి. ఆ ఊదా పక్కన నారింజ ఎలా వెలుగుతుందో చూడండి, నాకు ఎంతో ఇష్టమైన జత ఇది! ఉదయపు ఎండ చాలు. కోలియస్ కుండీ ఎత్తుకి ఒకటిన్నర రెట్లు దాటకుండా కొసలు గిల్లుతూ ఉండండి, పూకంకి వస్తే తీసేయండి. తీగని వదిలేస్తే మిగతావాటిని కప్పేస్తుంది, కత్తిరించాల్సిందే. నాచుపూలు, బిళ్లగన్నేరు మాత్రం ఇందులో వద్దు, ఈ తడికి కుళ్లిపోతాయి.

నాటాక మొదటి రెండు వారాలు పైనుంచే నీళ్లు పోయండి. వేర్లు కిందికి దిగాకే తొట్టి నింపడం. తర్వాత కూడా నెలకోసారి, చిల్లులోంచి బయటికి వచ్చేదాకా పైనుంచి ధారాళంగా పోయాలి. నీళ్లు ఎప్పుడూ పైకే ఎక్కుతాయి కాబట్టి లవణాలు పైమట్టిలో తెల్లగా పేరుకుంటాయి, ఆకుల అంచులు మాడతాయి.

కొనొచ్చా? డ్రిల్ మిషన్ దొరికేవాళ్లు నిశ్చింతగా కొనండి, కోలియస్‌కి ఇంతకంటే మంచి కుండీ ఉండదు. చిల్లు పెట్టే వీలు లేకపోతే మాత్రం వాన తగలని చోట తప్ప వద్దు. కంపెనీ వాళ్లకి నా మాట ఒక్కటే: చిల్లు పెట్టి పంపండి, ఇంట్లో వాడేవాళ్లకి బిరడా ఇవ్వండి.