సైకిల్ పట్టే కారు

అందరికీ నమస్కారం.

తిరుపతి చుట్టూ సైకిల్ తొక్కడానికి మంచి దార్లకు కొదవ లేదు. చంద్రగిరి కోట వైపో, కల్యాణీ డ్యాం దాకానో అయితే తెల్లవారుజామున ఇంటి దగ్గర్నుంచే తొక్కుకుంటూ పోవచ్చు. తలకోన అడవి దారి, హార్సిలీ హిల్స్ ఎక్కుడు, పలమనేరు అవతల కైగల్ వైపు పల్లె దార్లు మాత్రం వేరే లెక్క. అక్కడికి చేరాలంటే లారీలు, బస్సులు, యాత్రికుల కార్ల మధ్య హైవే మీద గంటల తరబడి పోవాలి. ఆ ముక్క కారులో దాటేసి, అసలు దారి మొదట్లో సైకిల్ దింపుకుంటే ప్రాణానికీ మంచిది, కాళ్లకీ మంచిది. ఆ పనికి పనికొచ్చే కారు ఎలా ఉండాలో, దాంతో రోజూ ఎలా నెట్టుకురావాలో ఇవాళ చెప్పుకుందాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మన ప్రాంతంలో సైకిల్ కారు లోపలే ప్రయాణం చేయాలి. టాపు మీద నిలబెట్టడం, డిక్కీ వెనక వేలాడదీయడం వేరే దారి లేనప్పుడే. కారు కొనేటప్పుడు ఈ మాట మీద నిలబడితే ఏ మోడల్ పనికొస్తుందో, ఏది రాదో చాలావరకు తేలిపోతుంది.

షోరూంలో మొదట వినపడేది లీటర్ల లెక్క. "బూట్ 341 లీటర్లు సార్" అని వ్యాగన్ఆర్ చూపిస్తారు. ఆ అంకె నిజమే, కానీ సైకిల్‌కి దాంతో పెద్దగా పని లేదు. సైకిల్ సన్నగా, పొడుగ్గా ఉండే వస్తువు. దానికి కావలసింది నేల పొడవు, డిక్కీ నోటి వెడల్పు, ఆ నోటి ఎత్తు. ఈ మూడూ టేపు పెట్టి కొలవాలి. వెనక సీట్లు మడిచి, ముందు సీటును డ్రైవర్ నిజంగా కూర్చునే చోటికి జరిపి, ఆ తర్వాతే పొడవు కొలవండి. సేల్స్ కుర్రాడు సీటు పూర్తిగా ముందుకు తోసి చూపిస్తాడు. ఆ సీట్లో ఆరడుగుల మనిషి కూర్చుంటే అర అడుగు పైనే తగ్గిపోతుంది.

ఇక సైకిల్ వైపు లెక్క. 700సీ సైజు చక్రాల రోడ్ బైక్ మొత్తం పొడవు 167 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ముందు చక్రం తీస్తే, ఆ చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ కొన నుంచి వెనక టైరు చివరిదాకా 133. 29 అంగుళాల చక్రాల ఎంటీబీ (కొండదార్ల సైకిల్) నిండు పొడవు 185 నుంచి 190, ముందు చక్రం తీస్తే 150 పైచిలుకు. ఊళ్లో అందరూ తొక్కే 28 అంగుళాల పాత నల్ల సైకిల్ కూడా ఇంచుమించు అంతే. సైజును బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది కాబట్టి మీ సైకిల్ మీరే కొలుచుకోండి. ఎంటీబీ హ్యాండిల్ 72 నుంచి 78 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. నిలబెట్టి తోసినప్పుడు డిక్కీ నోట్లో ఇరుక్కునేది ఎక్కువసార్లు అదే.

మా సలహా, టేపుతో సరిపెట్టకుండా సైకిల్‌నే షోరూంకి తీసుకెళ్లండి. లోపల పెట్టి, తలుపు మూసి చూశాకే అడ్వాన్సు ఇవ్వండి. లక్షలు పోసి కొనేవాళ్లకి పది నిమిషాలు అడిగే హక్కుంది.

సెడాన్ చూడ్డానికి బాగుంటుంది, డిక్కీ కూడా లోతే. కానీ చాలా సెడాన్లలో వెనక సీటు మడవదు, నోరు ఇరుకు. రెండు చక్రాలూ తీసేస్తే రోడ్ బైక్ ఫ్రేము వెనక సీటు మీద పడుతుంది, చక్రాలు డిక్కీలోకి పోతాయి. ఒక్కరికి, అప్పుడప్పుడూ అయితే సరే. హ్యాచ్‌బ్యాక్ అయితే ఒక సైకిల్, ఒకరిద్దరు మనుషులు హాయిగా పోవచ్చు. ఇక్కడ వేరియంట్ చూసుకోండి. కింది వేరియంట్లలో వెనక సీటు తరచూ ఒకే బల్లలా మడుస్తుంది, పై వేరియంట్లలో 60:40గా విడిపోతుంది. రెండోదైతే సైకిల్ పక్కన ఒక మనిషి కూర్చోవచ్చు. సీఎన్‌జీ కొనే ముందు మాత్రం బాగా ఆలోచించండి. సిలిండర్ డిక్కీలో కూర్చుంటే సీటు మడిచినా నేల సమంగా రాదు.

ఇద్దరు తొక్కే ఇంటికి మూడు వరసల సీట్లుండే ఎంపీవీయే సరైనది. ఎర్టిగాలో మూడు వరసలూ ఉన్నప్పుడు డిక్కీ 209 లీటర్లే. మూడో వరస మడిస్తే 550, రెండోది కూడా మడిస్తే 803. అంకెల కంటే ముఖ్యం, మూడో వరస నేలకు సమంగా పడుకుంటుంది. రెండో వరసలో 60 భాగం మడిచి, 40 భాగం మనిషికి వదిలితే రెండు సైకిళ్లు, ముగ్గురు మనుషులు వెళ్లొచ్చు. ఇన్నోవా క్రిస్టా ఇంకా పెద్ద బండే, కానీ దాని మూడో వరస సీట్లు రెండు పక్కలకీ లేచి నిలబడతాయి. పొడవు మిగులుతుంది, వెడల్పు తింటాయి. పెద్ద బండి అనగానే సైకిల్ పడుతుందని నమ్మకూడదనేది ఇందుకే.

చాలామంది చూడనిది స్టెప్నీ ఎక్కడుందన్న సంగతి. హ్యాచ్‌బ్యాక్‌లలో అది డిక్కీ నేల కింద ఉంటుంది. భాకరాపేట ఘాట్‌లో కారు పంక్చర్ అయితే సైకిళ్లన్నీ రోడ్డు పక్కన దించి, చాప ఎత్తి, అప్పుడు స్టెప్నీ తీయాలి. ఎర్టిగా, క్రిస్టాలలో స్టెప్నీ బండి అడుగున వేలాడుతుంది కాబట్టి సామాను కదపక్కర్లేదు.

ఇప్పుడు లోపల పెట్టే పద్ధతి. మొదట గేరును వెనక వైపు అతి పెద్ద పళ్ల చక్రం మీదికి ఎక్కించండి. చైన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మార్చే డిరైలర్ లోపలికి ముడుచుకుంటుంది, దెబ్బ తగిలే అవకాశం తగ్గుతుంది. ముందు చక్రం తీశాక డిస్క్ బ్రేకు ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ స్పేసర్ గానీ, మందం అట్టముక్క మడిచి గానీ దూర్చండి. ఇది మరిచిపోయి ఎవరైనా బ్రేకు లీవరు నొక్కారంటే ప్యాడ్లు రెండూ దగ్గరికొచ్చేస్తాయి, తలకోన చేరాక డిస్క్ వాటి మధ్య దూరదు. చైన్ పైకి వచ్చేలా, అంటే ఎడమ పక్క కిందికి పెట్టి పడుకోబెట్టండి. డిరైలర్ కిందపడితే అది తగిలించి ఉన్న హ్యాంగర్ అనే చిన్న అల్యూమినియం ముక్క వంగుతుంది. వంపు కంటికి కనపడదు గానీ గేరు ఒక్కటీ సరిగ్గా పడదు.

ఎడమ పక్క కిందికి పెట్టినప్పుడు ఒక చిక్కుంది. డిస్క్ రోటార్లు, అంటే బ్రేకు పళ్లేలు, ఉండేది కూడా ఎడమ వైపే. అందుకని వెనక ఇరుసు కింద మడిచిన దుప్పటి వేసి రోటార్ నేలకు ఆనకుండా చూడాలి. విడిగా తీసిన ముందు చక్రాన్ని రోటార్ పైకి ఉండేలా పెట్టాలి. ఎడమ పెడల్ నేలలోకి పొడుచుకుంటుంటే తీసేయండి. 15 నంబర్ స్పానర్ చాలు. ఎడమ పెడల్ మర అడ్డం తిరిగి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. ఇది తెలియక బలం పెట్టి మర పాడుచేసుకున్న క్రాంకులు ప్రతి సైకిల్ షాపులోనూ కనబడతాయి. రెండో సైకిల్‌ని మొదటిదాని మీద మధ్యలో దుప్పటి వేసి, హ్యాండిళ్లు ఎదురెదురు వైపులకు వచ్చేలా పెట్టండి.

తర్వాత కట్టడం. దయచేసి దీన్ని వదిలేయకండి. 13 కిలోల ఎంటీబీ సడన్ బ్రేకులో ముందు సీట్ల మధ్య నుంచి దూసుకొస్తుంది, వంపుల్లో ఆ పక్కకీ ఈ పక్కకీ జారుతుంది. బకిల్ ఉన్న పట్టీలు రెండు కొని, ఫ్రేము చుట్టూ తిప్పి, నేల మీది కొక్కేలకు గానీ పిల్లల సీటు బిగించే కమ్మీకి గానీ లాగి కట్టండి. సాగే రబ్బరు తాళ్లు వద్దు. అవి చప్పుడు ఆపుతాయే తప్ప బరువును ఆపలేవు. దించాక, హైడ్రాలిక్ బ్రేకులైతే, తొక్కే ముందు లీవరు నాలుగైదుసార్లు నొక్కి చూడండి. పడుకోబెట్టినప్పుడు రిజర్వాయర్‌లోని గాలిబుడగ గొట్టంలోకి చేరి, మొదటి నొక్కుకు లీవరు మెత్తగా దిగిపోవడం కద్దు. మెత్తదనం పోకపోతే ఆ రోజు దిగుడు దార్లోకి పోవద్దు.

క్యారియర్లు ఎందుకు చివరి మార్గమో చెబుతాం. టాపు మీద సైకిల్ నిలబెడితే మొత్తం ఎత్తు సుమారు 2.8 మీటర్లు. అపార్ట్‌మెంట్ సెల్లార్లు, హోటల్ పార్కింగులు, రైల్వే అండర్‌పాసుల ముందు ఇనుప గేజీలు, పల్లెల్లో వేలాడే కేబుల్ తీగలు, జాతరకు కట్టిన తోరణాలు అన్నీ ఆ ఎత్తుకు గండమే. వారం తర్వాత పైన సైకిల్ ఉందన్న సంగతే డ్రైవర్ మరిచిపోతాడు. తప్పదంటే స్టీరింగ్ మీద ఒక చీటీ అంటించుకోండి. కారు పుస్తకంలో టాపు ఎంత బరువు మోస్తుందో రాసి ఉంటుంది. క్యారియర్ బరువు కూడా అందులోకే వస్తుంది.

వెనక పట్టీల క్యారియర్‌కి ఇంకో సమస్య, చట్టం. వ్యాగన్ఆర్ వెడల్పు 162 సెంటీమీటర్లు, దాని వెనక అడ్డంగా కట్టిన ఎంటీబీ పొడవు 185. రెండు పక్కలా చక్రాలు బయటికి పొడుచుకొస్తాయి. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 194(1ఎ) సెక్షన్ ప్రకారం సామాను బండి పక్కల నుంచి బయటికి వస్తే 20,000 రూపాయల జరిమానా. ఇరుకు వంపులో ఎదురొచ్చే బస్సుకు ఆ చక్రం కనపడదు కూడా. కట్టాల్సే వస్తే ముందు చక్రం తీసి లోపల పెట్టండి. నంబర్ ప్లేటు, వెనక లైట్లు మూసుకుపోకుండా చూడండి. పట్టీ కొక్కేలు ప్లాస్టిక్ స్పాయిలర్‌కీ, గాజు అంచుకీ తగిలించకండి, పగులుతాయి. కింది టైరు సైలెన్సర్ గొట్టానికి ఎదురుగా ఉంటే వేడికి కరుగుతుంది. పది కిలోమీటర్లకు ఒకసారి ఆగి పట్టీలు బిగించాలి. మన స్పీడ్ బ్రేకర్లకు అవి వదులు కాకుండా ఉండవు.

మన ఎండ సంగతి. మేలో నీడ లేని చోట మూసి పెట్టిన కారు లోపల 60 డిగ్రీలకు చేరువవుతుంది. తెల్లవారి 25 డిగ్రీల దగ్గర 100 పీఎస్ఐ గాలి కొట్టిన రోడ్ టైరు ఆ వేడికి 113 దాకా పోతుంది. ఎండలో ఆపాల్సి వస్తే 15, 20 పీఎస్ఐ తగ్గించి, తొక్కే ముందు కొట్టుకోండి. ట్యూబ్‌లెస్ టైర్లలో పంక్చర్ పూడ్చడానికి పోసే సీలెంట్ ద్రవం మన దగ్గర తొందరగా ఎండిపోతుంది. రెండు నెలలకోసారి వాల్వు తీసి చూడాలి. తుమ్మ ముల్లు దిగినప్పుడు లోపల తడి లేకపోతే ఆ సీలెంట్ ఉన్నా లేనట్టే. టైర్లో గాలి నింపే సీఓ2 గుళికలు 50 డిగ్రీలు దాటనివ్వకూడదు. ఈ-సైకిల్ బ్యాటరీ, రీచార్జి లైట్లు కారులో వదలకుండా వెంట తీసుకుపోండి. పంక్చర్ సొల్యూషన్ ట్యూబు కూడా కారులో ఉంచితే గట్టిపడుతుంది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి ఒక మాట. తిరుపతిలో అమ్మకానికి వచ్చే ఎర్టిగాలు, ఇన్నోవాల్లో యాత్రికుల ట్యాక్సీలుగా కొండ ఎక్కి దిగినవి ఎక్కువ. ఆర్సీలో పాత వివరాలు చూడండి. క్లచ్ ఎంత పైన పట్టుకుంటోందో, బ్రేకు డిస్కుల అంచు మెట్టులా అరిగిందో లేదో మెకానిక్‌తో చూపించండి. మనకు ప్రత్యేకంగా ముఖ్యమైనది డిక్కీ తలుపును ఎత్తి పట్టే గ్యాస్ స్ట్రట్లు. తలుపు పూర్తిగా ఎత్తి వదిలితే నిలబడాలి. రెండు చేతుల్లో సైకిల్ ఉన్నప్పుడు అది నెత్తి మీదికి దిగితే పట్టుకోవడానికి చెయ్యి ఉండదు. సీటు మడిచే లీవర్లు ఒక్కొక్కటీ లాగి చూడండి. ఏళ్ల తరబడి మడవని సీట్లు బిగుసుకుపోయి ఉంటాయి.

బయట ఒక హ్యాచ్‌బ్యాక్, ఒక ఎర్టిగా నిలిపి ఉన్నాయి. ముందు చక్రం తీయడం దగ్గర్నుంచి పట్టీ బిగించేదాకా మీరే చేసి చూడండి. టేపు, 15 నంబర్ స్పానర్, దుప్పట్లు డిక్కీలోనే ఉన్నాయి.