సర్వర్ లోపలి లైన్ మూగబోతే ఎలా కనిపెట్టాలి, ఎలా లేపాలి?

[తెరపై: మూత తీసిన సర్వర్. జంట పవర్ సప్లైలు, వరసగా ఫ్యాన్లు.]

నమస్తే. ఫాల్ట్ టాలరెంట్ సర్వర్, అంటే ఒక భాగం పాడైనా ఆగకుండా నడిచే సర్వర్, అనగానే అందరూ చూపించేవి ఇవే: పవర్ సప్లై రెండు, కంట్రోలర్ రెండు, అదనంగా ఫ్యాన్లు. మరి వీటిలో ఏది పాడైందో చెప్పేదెవరు? లోపలి కమ్యూనికేషన్ నెట్‌వర్క్. అది మూగబోతే ఎన్ని స్పేర్లున్నా లాభం లేదు, ఎప్పుడు వాడాలో సర్వర్‌కే తెలియదు.

[తెరపై: ప్రాసెసర్ల మధ్య రెండు బస్‌లు, ఎక్స్, వై.]

1976లో టాండెమ్ కంపెనీ తెచ్చిన నాన్‌స్టాప్ సిస్టమ్‌లో ప్రాసెసర్లను రెండు బస్‌లు, అంటే సందేశాలు వెళ్లే ఉమ్మడి తీగల దారులు, కలిపేవి. ప్రతి ప్రాసెసర్ సెకనుకోసారి, రెండు బస్‌ల మీదా, "బతికే ఉన్నా" అని మిగతావాటికి కబురు పంపేది. ఎవరి నుంచి కబురు రాలేదో రెండు సెకన్లకోసారి చూసుకునేది.

రెండు బస్‌ల మీదా పంపడమే ఇందులో అసలు కిటుకు. స్పేర్ లైన్‌ని అవసరమొచ్చినప్పుడు చూద్దాంలే అని వదిలేస్తే, అది తెగిపోయి నెలలైనా ఎవరికీ తెలియదు. మొదటి లైన్ పోయిన రోజే రెండోదీ లేదని బయటపడుతుంది. అందుకే ఒక్క లైన్ పోయినా, సర్వీస్ బాగానే నడుస్తున్నా, అలారం మోగాల్సిందే.

ఇంకో లాభం కూడా ఉంది. ఎక్స్ మీద కబురు ఆగి వై మీద వస్తుంటే పోయింది లైనే, ప్రాసెసర్ కాదు. రెండింటి మీదా ఆగితే మాత్రం తొందరపడకూడదు. అవతలివాడు పోయాడనుకుని ఇద్దరూ ఒకే డిస్క్ మీద రాస్తే డేటా పాడవుతుంది. ముందు అవతలి ప్రాసెసర్‌కి పవర్ తీసేసి, ఆ తర్వాతే దాని పని అందుకోవాలి.

[తెరపై: ఐ-టు-సి గ్రాఫ్. డేటా లైన్ కిందికి పడిపోయి అలాగే ఉంది.]

ఇక ఫ్యాన్లు, పవర్ సప్లైల వంటి భాగాల పరిస్థితి చెప్పే సెన్సర్ల దగ్గరికి వద్దాం. ఇవి ఎక్కువగా ఐ-టు-సి బస్ మీద ఉంటాయి. తీగలు రెండే: డేటా, క్లాక్ (ఒక్కో బిట్ ఎప్పుడు పంపాలో పల్సులతో చెప్పే లైన్). సెన్సర్ సున్నా బిట్ పంపుతున్న క్షణంలోనే ఈ బస్‌ని నడిపే కంట్రోలర్ రీసెట్ అయిందనుకోండి. సెన్సర్‌కి ఆ సంగతి తెలియదు. తర్వాతి క్లాక్ కోసం ఎదురుచూస్తూ డేటా లైన్‌ని కిందికి లాగి పట్టుకునే ఉంటుంది. అంతే, బస్ మొత్తం జామ్.

ఇక్కడ కంట్రోలర్‌ని మళ్లీ మళ్లీ రీసెట్ చేసి ప్రయోజనం లేదు. క్లాక్ లైన్ మీద తొమ్మిది పల్సులు పంపాలి. ఎనిమిది డేటా బిట్లకి, ఒకటి అక్నాలెడ్జ్‌కి, అంటే బైట్ అందిందని చెప్పే బిట్‌కి. సెన్సర్ తన బైట్ పూర్తిచేసి లైన్ వదిలేస్తుంది. వెంటనే స్టాప్ సిగ్నల్ ఇస్తే బస్ మామూలవుతుంది. చాలాసార్లు పవర్ తీయాల్సిన పనే ఉండదు.

ఇరుక్కుపోయింది క్లాక్ లైనే అయితే ఈ చిట్కా పనిచేయదు. ఆ చిప్‌కి రీసెట్ పిన్ ఉంటే దాన్ని వాడాలి, లేదంటే ఆ భాగానికి మాత్రం పవర్ తీసి ఇవ్వాలి. సెన్సర్లన్నీ ఒకే బస్ మీద కాకుండా మల్టీప్లెక్సర్ (ఒక బస్‌ని శాఖలుగా విడగొట్టే స్విచ్ చిప్) వెనక విడివిడి శాఖలుగా ఉంటే, చెడిన శాఖని పక్కన పెట్టి మిగతావి నడిపించొచ్చు.

[తెరపై: లాగ్‌లో ఒకే శాఖ పేరు పదే పదే.]

రికవరీ అయిన ప్రతిసారీ లాగ్‌లో రాయండి. ఒకే శాఖ పదే పదే జామ్ అవుతుంటే సాఫ్ట్‌వేర్‌తో లేపుతూ కూర్చోవద్దు, ఆ బోర్డు మార్చండి. ఈ రికవరీ కోడ్ పనిచేస్తోందో లేదో చూడాలంటే, టెస్ట్ సర్వర్‌లో బస్ నడుస్తుండగానే డేటా లైన్‌ని కాసేపు గ్రౌండ్‌కి కలిపి వదలండి. అలారం వచ్చిందా, రీడింగులు మళ్లీ మొదలయ్యాయా అన్నది అక్కడే తేలిపోతుంది.