మన ఉద్యోగాలు తిన్నది లైనక్స్ కాదు, చవక ర్యామ్!

నెల రోజుల కిందట ఒక ఆదివారం పొద్దున్నే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఎనిమిదేళ్లుగా మోటార్లు తిప్పే మైక్రోకంట్రోలర్లకి, అంటే మెషీన్ల లోపల పెట్టే చిన్న కంప్యూటర్ చిప్పులకి, కోడ్ రాస్తున్నాడు. టైమర్లు, ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చేది), ఇంటరప్టులు (చిప్‌ని మధ్యలో ఆపి పిలిచే సిగ్నళ్లు), అన్నీ రిజిస్టర్ లెవెల్లో, అంటే చిప్ లోపలి బిట్లని నేరుగా మారుస్తూ, చేత్తో రాస్తాడు, రిఫరెన్స్ మాన్యువల్లో ఏ బిట్ ఏ పేజీలో ఉందో నోటికొచ్చు. ఇంటర్వ్యూకి వెళ్తే మొదటి ప్రశ్న, "యోక్టోలో లేయర్ ఎలా రాస్తారు?" యోక్టో అంటే బోర్డుకి సరిపడా లైనక్స్‌ని తయారుచేసే పనిముట్టు. రెండోది డివైస్ ట్రీ, బోర్డు మీద ఏముందో లైనక్స్‌కి చెప్పే ఫైల్. మూడోది డాకర్, ప్రోగ్రాముల్ని డబ్బాల్లా ప్యాక్ చేసి నడిపేది. మూడూ లైనక్స్ వైపు పనులే. మోటార్ తిప్పేవాడిని పట్టుకుని డాకర్ అడిగారు! ఇరవై నిమిషాల్లో పంపించేశారు. "అన్నా, నేను నేర్చుకున్నదంతా వేస్టేనా? మైక్రోకంట్రోలర్ల పని అయిపోయిందా?" అన్నాడు. గొంతు పూడుకుపోయింది వాడికి.

అందుకే ఈ వీడియో. ఒకటే మాట చెప్తాను, మళ్లీ మళ్లీ చెప్తాను. మెషీన్ల లోపలి చిప్పులకి కోడ్ రాసే (ఎంబెడెడ్) మన ఉద్యోగాలు తిన్నది లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) కాదు, చవకైపోయిన ర్యామ్. ఈ తేడా తెలియకపోతే రేపు ఏం నేర్చుకోవాలో కూడా తెలియదు.

మీకందరికీ ఆర్డుయినో గొడవ తెలుసు కదా, ఎలక్ట్రానిక్స్ నేర్చుకునేవాళ్లు వాడే చిన్న బోర్డుల కంపెనీ అది, 2025 అక్టోబర్‌లో ఫోన్ చిప్పుల కంపెనీ క్వాల్‌కామ్ ఆర్డుయినోని కొంటున్నట్టు ప్రకటించింది, అదే రోజు ఆర్డుయినో కొత్త బోర్డు ఊనో క్యూ వచ్చింది. అందరూ "ఆర్డుయినోలో డెబియన్ లైనక్సా, ఇదేం అన్యాయం" అని గోల చేశారు. నేనైతే స్పెక్స్ పక్కపక్కన పెట్టి చూశాను. మనం కాలేజీలో ఎల్‌ఈడీ వెలిగించిన పాత ఊనోలో ర్యామ్ ఎంత? 2 కేబీ. ఊనో క్యూలో? 2 జీబీ. అంటే దాదాపు పది లక్షల రెట్లు, అప్పటి ధర 44 డాలర్లు. పది లక్షల రెట్లు ర్యామ్ ఈ ధరకి దొరుకుతుంటే, 2 కేబీలో సర్దగలిగే మనిషికి జీతం ఎందుకివ్వాలి అని మేనేజర్ అనుకుంటాడు. అనుకున్నాడు కూడా.

లెక్క వేద్దాం రండి. ఒక కంపెనీ ఏడాదికి 5,000 మెషీన్లు అమ్ముతుందనుకోండి. చిన్న మైక్రోకంట్రోలర్ పెడితే ఒక్కో మెషీన్‌కి 200 రూపాయలు మిగులుతుంది, మొత్తం 10 లక్షలు. ఆ 10 లక్షలు మిగల్చడానికి వైఫై, టచ్ స్క్రీన్, ఇంటర్నెట్ మీదుగా వచ్చే ఓటీఏ అప్‌డేట్, సెక్యూరిటీ సర్టిఫికెట్లు అన్నీ చిన్న చిప్‌లో ఇరికించాలంటే ఇద్దరు మంచి ఇంజినీర్లు ఏడాదంతా కూర్చోవాలి. వాళ్ల జీతాలకి ఆ 10 లక్షలు ఏ మూలకి? లైనక్స్ బోర్డు పడేస్తే అవన్నీ రెడీగా ఉంటాయి. మేనేజర్ ఏం చేస్తాడు? ఇంజినీర్‌ని వద్దనుకుని ర్యామ్ కొంటాడు. అదే లెక్క 50 లక్షల పీసులకి వేయండి, మిగిలేది 100 కోట్లు, అప్పుడు ఆ ఇద్దరు ఇంజినీర్లని వెతుక్కుంటూ ఇంటికొస్తారు. మిక్సీలు, వాషింగ్ మెషీన్లు, కరెంట్ మీటర్లు, వీటిలో చాలావాటిలో ఇప్పటికీ లైనక్స్ లేనిది అందుకే. మొత్తం కథ ఇదే, మిగతాదంతా హెచ్‌ఆర్ వాళ్ల జేడీ (ఉద్యోగ ప్రకటన) భాష.

ఇప్పుడు అసలు మజా. ఆ ర్యామ్ ధర ఏమైంది? ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఊడ్చేస్తున్నాయి. 2025 డిసెంబర్‌లో మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండ్‌ని, మనం పీసీలో వేసుకునే ర్యామ్ స్టిక్కుల బ్రాండ్‌ని, మూసేస్తున్నట్టు చెప్పింది. అదే నెల మొదట్లో రాస్ప్‌బెర్రీ పై 5 అనే చిన్న లైనక్స్ బోర్డులో 16 జీబీ మోడల్ 120 డాలర్ల నుంచి 145కి పెరిగింది. బోర్డు మారలేదు, ప్రాసెసర్ మారలేదు, పెరిగింది మెమరీ ఖర్చు. అదే రోజు వాళ్లు ఇంకో బోర్డు కూడా తెచ్చారు చూశారా? 1 జీబీ పై 5, 45 డాలర్లకి. ర్యామ్ తగ్గించి కొత్త మోడల్ తెచ్చారంటే అర్థమేంటి? ర్యామ్ ధర మళ్లీ లెక్కలోకి వచ్చింది. రాస్తూ రాస్తూ ప్రతి కేబీ చూసుకునేవాడి అవసరం మళ్లీ వస్తుంది. నేను గట్టిగా నమ్ముతున్నాను ఈ మాట, రెండేళ్ల తర్వాత ఈ వీడియో తెచ్చి నా ముందు పెట్టండి.

సరే, ఊనో క్యూ దగ్గరికి మళ్లీ వద్దాం, ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది. ఆ బోర్డులో క్వాల్‌కామ్ ప్రాసెసర్ పక్కనే ఇంకో చిప్ ఉంది, ఎస్‌టీఎమ్32. మైక్రోకంట్రోలర్! దాని మీద జెఫిర్ అనే చిన్న రియల్ టైమ్ ఓఎస్, అంటే చెప్పిన సమయానికి పని చేసి తీరే ఓఎస్, నడుస్తుంది. 2 జీబీ ర్యామ్, డెబియన్, అన్నీ పెట్టాక కూడా పిన్నుల మీద టైమింగ్ చూసుకోవడానికి చిన్న చిప్ కావాల్సి వచ్చింది. అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యుటీ హెలికాప్టర్ కూడా అంతే. 2021లో అది ఎగిరినప్పుడు "మార్స్ మీద లైనక్స్" అని ఊరంతా పండగ చేసుకున్నారు, నిజమే, స్నాప్‌డ్రాగన్ అనే ఫోన్ ప్రాసెసర్ మీద లైనక్సే. కానీ దాన్ని గాల్లో నిలబెట్టే ఫ్లైట్ కంట్రోల్ పనులు చూసుకోవడానికి పక్కనే మైక్రోకంట్రోలర్లు ఉన్నాయి, కార్ల కోసం చేసిన టీఐ (టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్) చిప్పులు అవి. వాటి గురించి ఎంతమంది మాట్లాడారు?

కారు అంటే గుర్తొచ్చింది. కొత్త కార్లలో ఈ పెద్ద స్క్రీన్లు చూస్తున్నారు కదా, లోపల చాలావాటిలో ఆండ్రాయిడో లైనక్సో. అమెరికాలో ఒక రూల్ ఉంది, రివర్స్ గేర్ వేసిన 2 సెకన్లలో వెనక కెమెరా బొమ్మ కనపడాలి. ఆండ్రాయిడ్ బూట్ అవడానికి ఎంతసేపు పడుతుందో మీ ఫోన్ రీస్టార్ట్ చేసి చూసుకోండి! అందుకే చాలా సిస్టమ్స్‌లో పెద్ద ఓఎస్ ఇంకా ఒళ్లు విరుచుకుంటుండగానే పక్కనున్న చిన్న ప్రాసెసర్ కోర్ ఒకటి లేచి కెమెరా చూపించేస్తుంది. వెనకాల ఆడుకుంటున్న పిల్లాడి ప్రాణం ఆ చిన్న కోర్ చేతుల్లో ఉంది. దానికి కోడ్ రాసేది ఎవరు? డాకర్ వచ్చినవాడా?

నా బెంచ్ మీద జరిగింది చెప్తాను. ఒక లైనక్స్ బోర్డు, దానికి ఐ2సీ అనే రెండు తీగల లింక్ మీద ఒక సెన్సర్. రోజుకి పది పన్నెండు సార్లు రీడింగ్ రావడం లేదు. టీమ్‌లో లైనక్స్ కుర్రాళ్లు చాలా తెలివైనవాళ్లు, మూడు రోజులు డ్రైవర్‌నే తిప్పి తిప్పి చూశారు, లైనక్స్ లాగ్ చూపించే డీమెసేజ్‌లో టైమ్ అవుట్ ఎర్రర్లు, రీట్రై పెట్టారు, డిలే పెట్టారు, కెర్నల్ (లైనక్స్‌కి గుండె లాంటి భాగం) వెర్షన్ కూడా మార్చారు. నాలుగో రోజు నేను వోల్టేజీని గీతగా చూపించే స్కోప్ ప్రోబ్ తీసుకెళ్లి, ఐ2సీలో డేటా వెళ్లే ఎస్‌డీఏ లైన్ మీద పెట్టాను. నిలువుగా లేవాల్సిన గీత, మోకాళ్ల నొప్పులున్న ముసలాయన మెట్లెక్కినట్టు ఏటవాలుగా లేస్తోంది. 400 కిలోహెర్ట్జ్‌లో నడిపితే ఆ గీత 300 నానోసెకన్లలోపు పైకి రావాలి, స్పెక్‌లో రాసి ఉంది. మాకు 800 దాటుతోంది. లైన్‌ని పైకి లాగే పుల్ అప్ రెసిస్టర్ చూస్తే 10 కే (కిలో ఓమ్‌లు). తీసేసి 2.2 కే వేశాను, సోల్డరింగ్ ఐరన్ చల్లారేలోపు సమస్య పోయింది. మూడు రోజులు ముగ్గురు మనుషులు ఖర్చయింది ఒక్క రెసిస్టర్ కోసం! కెర్నల్ పైనుంచి చూస్తే ఆ గీత కనపడదు.

ఇంకోటి, హైదరాబాద్‌లో ఉండి "ఇక్కడ బేర్ మెటల్ పని లేదు", అంటే పెద్ద ఓఎస్ లేకుండా నేరుగా చిప్ మీద రాసే పని లేదు, అనేవాళ్లకి. రైళ్లకి కవచ్ ఉంది కదా, రెడ్ సిగ్నల్ దాటబోతే డ్రైవర్ చూసుకోకపోయినా బ్రేక్ వేసేది. దక్షిణ మధ్య రైల్వేలోనే ముందు 1,465 కిలోమీటర్ల మేర పెట్టారు. దాన్ని మొదట తయారు చేసిన మూడు కంపెనీలు, మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్, మూడూ మన హైదరాబాద్‌వే. సిల్ 4 అనే భద్రతా స్థాయి దానికి, అన్నిటికంటే పైది. ఆ స్థాయిలో ప్రతి లైనూ ఎందుకుందో కాగితం మీద రుజువు చూపించాలి. లైనక్స్ కెర్నల్ మూడు కోట్ల లైన్లు దాటింది, రుజువు చూపించే ఓపిక ఎవరికుంది?

ఇక నా కోపం ఎవరి మీదంటే, ఇంకా 8051 దగ్గరే ఆగిపోయిన చదువుల మీద. 1980లో ఇంటెల్ తెచ్చిన చిప్ అది, లోపల 128 బైట్ల ర్యామ్. నేర్పండి, బేసిక్స్‌కి మంచిదే, కానీ అక్కడే ఆపేసి, లైన్ ఫాలోయర్ రోబో ఒకటి రెడీమేడ్‌గా చేతిలో పెట్టి, "ఎంబెడెడ్ అయిపోయింది" అని సర్టిఫికెట్ ఇస్తే ఆ పిల్లల గతేంటి? అమ్మానాన్నలు అప్పు చేసి అమీర్‌పేట హాస్టల్‌కి పంపిస్తే వాళ్లకి దక్కేది ఇదా?

సీనియర్లూ, మీతో కూడా ఒక మాట. "లైనక్స్ రియల్ టైమ్ కాదు" అని పదిహేనేళ్లుగా అంటూనే ఉన్నాం, ఇక ఆపేద్దాం. ఇరవై ఏళ్లు బయట ప్యాచ్‌గా ఉన్న ప్రీఎంప్ట్ ఆర్‌టీ, లైనక్స్‌ని రియల్ టైమ్ చేసే కోడ్, 2024 నవంబర్‌లో వచ్చిన 6.12 కెర్నల్‌లో కలిసిపోయింది. ఆ గోడ వెనక దాక్కోవడం ఇక కుదరదు. మనకి స్కోప్ తెలుసు, డేటాషీట్ తెలుసు, డివైస్ ట్రీ ఎంత? ఏ పిన్నుకి ఏ చిప్ తగిలించారో, దాని అడ్రస్ ఎంతో, ఏ ఇంటరప్టో రాసే ఫైల్ అది. స్కీమాటిక్ చదివేవాడికి అది సొంత భాష లాంటిది. భయం వేస్తే జెఫిర్‌తో మొదలుపెట్టండి. మీకు అలవాటైన ఎస్‌టీఎమ్32 బోర్డు మీదే నడుస్తుంది, లైనక్స్‌లో ఉండే డివైస్ ట్రీ, కేకాన్ఫిగ్ (ఏ ఫీచర్లు కావాలో ఎంచుకునే పద్ధతి) అక్కడే పరిచయమవుతాయి. చేతిలో బోర్డు మారకుండా సగం దారి దాటేస్తారు.

ఆ తమ్ముడికి కూడా ఇదే చెప్పాను. వాడు నాలుగు వారాలు రాత్రిళ్లు కూర్చుని తన మోటార్ కోడ్‌ని జెఫిర్ మీదకి మార్చాడు, ఒక పాత లైనక్స్ బోర్డు తెచ్చి చిన్న ఐ2సీ డ్రైవర్ రాశాడు. నిన్న రాత్రి ఒక ఫొటో పంపించాడు, స్కోప్ స్క్రీన్ మీద ఎస్‌డీఏ లైన్, పక్కన ల్యాప్‌టాప్‌లో అదే ట్రాన్స్‌ఫర్ తాలూకు కెర్నల్ లాగ్. గురువారం ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూ ఉంది. ఆ ఫొటో ప్రింట్ తీసుకుని ఫైల్‌లో పెట్టుకుని వెళ్లరా, డాకర్ అడిగితే ముందు ఆ కాగితం టేబుల్ మీద పెట్టు అన్నాను. ఏమన్నారో శుక్రవారం వీడియోలో చెప్తాను.