హాల్లో తాండూరు బండ, వంటింట్లో గ్రానైట్: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఇంట్లో వేసుకునే రాళ్ల గురించి ఇవాళ మాట్లాడుకుందాం. మనతో రిటైర్డ్ జియాలజీ లెక్చరర్ గారు ఉన్నారు. మొదటి కాల్ తెనాలి నుంచి. చెప్పండమ్మా.

తెనాలి కాలర్: హలో... హలో... వినపడుతోందా?

యాంకర్: మీ టీవీ సౌండ్ తగ్గించుకోండమ్మా.

తెనాలి కాలర్: ఆఁ, తగ్గించా. నమస్తే సార్. మేం మొన్న మాఘంలో గృహప్రవేశం చేశామండి. హాల్లో తాండూరు బండలు, వంటింటి గట్టుకి గ్రానైట్. మా ఆయన మార్బుల్ అన్నారు గానీ మా మావయ్య గారు పడనివ్వలేదు. ఆయనకి మోకాళ్ల నొప్పులు, కాలు జారుతుందని...

లెక్చరర్: ప్రశ్నకి రండమ్మా.

తెనాలి కాలర్: అదే సార్. బండల మీద సిమెంటు మరకలు ఉండిపోయాయి. మేస్త్రి యాసిడ్ తెప్పించి ఇల్లంతా పోయించాడు. గట్టు మీదా పోశాడు, దానికేం కాలేదు. హాల్లో మాత్రం బుసబుసా నురగొచ్చింది. మురికి వదులుతోందమ్మా అన్నాడు. తీరా ఆరాక చూస్తే తెల్లగా పాలిపోయింది, చెయ్యి పెడితే గరగరలాడుతోంది.

లెక్చరర్: వదిలింది మురికి కాదు తల్లీ, మీ బండే! తాండూరు బండంటే సున్నపురాయి. ఎప్పుడో సముద్రం అడుగున సున్నపు బురద పొర మీద పొర పేరుకుని గట్టిపడితే రాయైంది. అందుకే పలకలు పలకలుగా లేస్తుంది. దీన్ని అవక్షేప శిల అంటాం. యాసిడ్ తగిలితే ఆ సున్నం కరిగి కార్బన్ డయాక్సైడ్ పొంగుతుంది. మీరు చూసిన నురగ అదే. గ్రానైట్ పుట్టుక వేరు. భూమి లోపల కరిగిన శిలాద్రవం బాగా నెమ్మదిగా చల్లారి గడ్డకట్టింది. అగ్నిశిల. మీ గట్టుని దగ్గరగా చూడండి, గులాబీ రంగో తెలుపో ఫెల్డ్‌స్పార్, గాజుముక్కలా క్వార్ట్జ్, నల్లగా మెరిసే అభ్రకం, గింజలు గింజలుగా కనపడతాయి. నురగ రావడానికి అందులో సున్నపురాయి లేదు. అందరికీ చెబుతున్నా, బండల మీద యాసిడ్ పోయకండి.

తెనాలి కాలర్: అంటే గ్రానైట్ మీద పోయొచ్చా సార్?

లెక్చరర్: వద్దమ్మా! జాయింట్లలో సిమెంటుని తినేస్తుంది. ఆ పొగ పీల్చేది కూడా మీరే.

తెనాలి కాలర్: మరి హాలు పాలిష్ పెట్టిస్తే బాగవుతుందా?

లెక్చరర్: చాలావరకు అవుతుంది. మిషన్‌తో పైపొర అరగదీసి మళ్లీ పాలిష్ పట్టాలి.

తెనాలి కాలర్: మా ఆయన నూనె గుడ్డతో తుడిస్తే చాలంటున్నారు. ఇదిగో, పక్కనే ఉన్నారు.

లెక్చరర్: నూనె రాస్తే రెండ్రోజులు మెరుస్తుంది. ఆ తర్వాత దుమ్ము పట్టి జిడ్డోడుతుంది. కరిగిపోయిన రాయి నూనెతో తిరిగొస్తుందా?

తెనాలి కాలర్: అయితే పాలిష్ పెట్టించమంటారా?

లెక్చరర్: (నవ్వుతూ) పెట్టించండమ్మా, పెట్టించండి. సిమెంటు మరకలు ఇంకా ఉంటే చెక్కముక్కతో గీకి సబ్బునీళ్లతో కడగండి. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికినా వెంటనే తుడిచెయ్యాలి. పులుపు కూడా యాసిడే.

తెనాలి కాలర్: మా అమ్మావాళ్ల వంటింట్లో కడప రాయి గట్టు సార్. ఎన్నేళ్లుగానో దాని మీదే చింతపండు పిసుకుతోంది. ఏమీ కాలేదే?

లెక్చరర్: కడప రాయీ సున్నపురాయే. పులుసు గిన్నె పెట్టే చోట వెలుతురుకి అడ్డంగా వంగి చూశారా ఎప్పుడైనా?

తెనాలి కాలర్: ...ఆఁ, అవును సార్! గుండ్రంగా, ఉంగరాల్లా పాలిపోయిన మచ్చలున్నాయి. గిన్నె మరకలు అనుకున్నాం.

యాంకర్: థాంక్యూ అమ్మా. నెక్స్ట్, ఒంగోలు.

ఒంగోలు కాలర్: సార్, షాపులో నల్ల గ్రానైట్ అని చవగ్గా ఇస్తానంటున్నారు. కడప రాయికి రంగేసి అమ్ముతారని విన్నాను. ఎలా కనుక్కోవాలి?

లెక్చరర్: జేబులో ఒక ఇనుప మేకు పెట్టుకెళ్లండి. పలక వెనక వైపు, పాలిష్ లేని చోట గట్టిగా గీయండి. గీత లోతుగా దిగి తెల్లటి పొడి రాలితే సున్నపురాయి. గ్రానైటైతే రాయి తెగదు, మేకే అరిగి మరక పడుతుంది. అన్నట్టు, మీ పక్కనున్న చీమకుర్తిలో దొరికే గెలాక్సీ అనే నల్ల రాయి కూడా మా లెక్కలో గ్రానైట్ కాదు, గాబ్రో. అదీ అగ్నిశిలే, గట్టిదే. వ్యాపారంలో అన్నిటికీ గ్రానైటనే పేరు.

యాంకర్: జమ్మలమడుగు నుంచి ఎవరో విద్యార్థి.

జమ్మలమడుగు కాలర్: సార్, అవక్షేప శిలకీ అగ్నిశిలకీ తేడాలు నాలుగు మార్కులకి...

లెక్చరర్: గండికోట చూశావా నాన్నా?

జమ్మలమడుగు కాలర్: చాలాసార్లు సార్.

లెక్చరర్: పెన్నా కోసిన గోడల్లో అడ్డంగా పొరలుంటాయి కదా, అవక్షేపం అంటే అది. హైదరాబాద్ వెళితే గోల్కొండ దగ్గర గుండ్రటి గుట్టలు చూడు. పొరలుండవు, గింజలుంటాయి. అది గ్రానైట్. శిలాజాలు దొరికేది సాధారణంగా అవక్షేప శిలల్లోనే. బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన డైనోసార్ కోటాసారస్ ఎముకలు యామనపల్లి దగ్గర అలాంటి పొరల్లోనే దొరికాయి. సింగరేణి బొగ్గూ అంతే. మరిగే ద్రవంలో ఎముక మిగులుతుందా? నాలుగు మార్కులూ వచ్చేశాయి, పో.

యాంకర్: నల్గొండ నుంచి...

నల్గొండ కాలర్: సార్, మాది గ్రానైట్ నేల. మూడు బోర్లేశాం, మూడూ పోయినయి...

లెక్చరర్: గ్రానైట్ ఒంట్లో నీళ్లుండవయ్యా, పగుళ్లలో ఉంటాయి. పైన మెత్తబడిన పొరలో కొంత. ఇసుకరాయైతే రేణువుల సందుల్లోనే నీరు నిలుస్తుంది. పగులు తగలకపోతే ఎంత లోతు దింపినా దుమ్మే. సర్వే చేయించి...

నల్గొండ కాలర్: నాలుగోది ఈశాన్యంలో...

యాంకర్: లైన్ కట్టయింది. చివరి కాల్. హలో?

తెనాలి కాలర్: సార్, నేనే, మళ్లీ. ఆ మేస్త్రి సగం బాటిల్ మిగిలిందని బాత్రూంకి ఉంచి వెళ్లాడు. వాడుకోవచ్చా?

లెక్చరర్: బాత్రూంలో ఏ బండలమ్మా?

తెనాలి కాలర్: అవీ తాండూరువే సార్.