థర్మామీటరు నుంచి సరళరేఖ సమీకరణం దాకా

నమస్కారం. ఇంట్లో ఎవరికైనా ఒళ్లు కాలుతుంటే థర్మామీటరు పెట్టి చూసి, జ్వరం 102 ఉందని చెప్పుకుంటాం. ఎండాకాలంలో వార్తలు వింటే రామగుండంలో ఎండ 45 డిగ్రీలకు చేరిందంటారు. జ్వరానికి చెప్పుకున్నది ఫారన్‌హీట్ లెక్క, ఎండకు చెప్పింది సెల్సియస్ లెక్క. ఈ రెండు కొలతలకూ మధ్య ఉన్న సంబంధాన్ని గ్రాఫు కాగితం మీద గీస్తే ఒక సరళరేఖ వస్తుంది. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో వాలు–అంతరఖండ రూపం అనే పేరుతో చదివే సమీకరణాన్ని ఈరోజు మనం ఈ రేఖతోనే మొదలుపెట్టి సాధిద్దాం.

మనకు ముందే తెలిసిన సంగతులు రెండున్నాయి. నీరు గడ్డకట్టేది 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అది 32 ఫారన్‌హీట్. సాధారణ వాతావరణ పీడనం వద్ద నీరు మరిగేది 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అది 212 ఫారన్‌హీట్. సెల్సియస్‌ను ఎక్స్-అక్షం మీద, ఫారన్‌హీట్‌ను వై-అక్షం మీద తీసుకుంటే (0, 32), (100, 212) అనే రెండు బిందువులు దొరుకుతాయి. రెండు బిందువుల గుండా పోయే సరళరేఖ ఒక్కటే కాబట్టి, ఇక మనకు కావలసిన సమాచారమంతా చేతిలో ఉన్నట్టే.

ఇప్పుడు ఆ రేఖను రెండు ప్రశ్నలు అడగాలి. ఎక్స్ విలువ సున్నా అయినప్పుడు నువ్వు ఎంత ఎత్తులో ఉన్నావు? ఎక్స్ ఒక్క మెట్టు జరిగితే నువ్వు ఎంత ఎక్కుతావు? మొదటి ప్రశ్నకు జవాబు 32. రేఖ వై-అక్షాన్ని ఖండించేది అక్కడే కాబట్టి దాన్ని వై-అంతరఖండం అంటారు, సి అనే అక్షరంతో సూచిస్తారు. రెండో దానికి జవాబు కోసం, ఎక్స్ 0 నుంచి 100కు జరిగేలోగా వై 32 నుంచి 212కు, అంటే 180 ఎక్కిందని గమనించాలి. 180ని 100తో భాగిస్తే 9/5. ఇది వాలు, దీన్ని ఎం అంటారు. సున్నా దగ్గర సి ఎత్తులో బయలుదేరి, మెట్టుకు ఎం చొప్పున ఎక్స్ మెట్లు జరిగిన రేఖ ఎత్తు ఎంఎక్స్ + సి కాక మరేమవుతుంది? వై = ఎంఎక్స్ + సి అనే సూత్రం పుట్టుక అంతే. మన రేఖకు అది వై = (9/5)ఎక్స్ + 32. ఎక్స్ స్థానంలో 45 వేస్తే 81 + 32, అంటే 113 ఫారన్‌హీట్ వస్తుంది. 102 జ్వరాన్ని వెనక్కి తిప్పి చూస్తే సుమారు 38.9 సెల్సియస్.

ఇక్కడ వాలు అనే మాట గురించి ఒక సంగతి చెప్పాలి. మన వాడుకలో పొద్దు వాలుతుంది, ఇంటి కప్పు వాలుగా ఉంటుంది. వాలడమంటే కిందికి దిగడమే. గణితంలో మాత్రం ఎడమ నుంచి కుడికి పోతూ పైకెక్కే రేఖకూ వాలు ఉంటుంది, అది ధనాత్మకం. దిగే రేఖకు వాలు ఋణాత్మకం. ఈ తేడాను మనసులో పెట్టుకుంటే, లెక్క చేసేముందే రెండు బిందువులనూ చూసి జవాబు గుర్తు ఏదో చెప్పేయవచ్చు.

(-2, 7), (4, -5) బిందువులనే తీసుకోండి. ఎక్స్ పెరిగితే వై తగ్గుతోంది, కాబట్టి వాలు ఋణాత్మకంగానే రావాలి. వై విలువల భేదం -5 - 7, అంటే -12. ఎక్స్ విలువల భేదం 4 - (-2), అంటే 6. -12ను 6తో భాగిస్తే వాలు -2. భిన్నంలో పైన, అంటే వై విలువల్లో, రెండో బిందువులోంచి మొదటిదాన్ని తీసేస్తే, కింద ఎక్స్ విలువల్లో కూడా అదే వరుసలో తీసేయాలి. ఇక సి కోసం మొదటి బిందువును వై = -2ఎక్స్ + సి లో ప్రతిక్షేపిస్తే 7 = (-2)(-2) + సి. చాలామంది జారిపడేది సరిగ్గా ఈ మెట్టు మీదే: రెండు ఋణ సంఖ్యల లబ్ధం 4 కాగా, తొందరలో -4 రాసి సి విలువ 11 అంటారు. అందుకే నేను విద్యార్థులను ఎప్పుడూ బతిమాలుకుంటాను, వాడకుండా మిగిలిన రెండో బిందువుతో ఒక్కసారి సరిచూడండి అని. సి 11 అయితే ఎక్స్ = 4 దగ్గర వై 3 రావాలి, కానీ మనకిచ్చింది -5. తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. సరైన సి విలువ 3; రేఖ వై = -2ఎక్స్ + 3.

సమీకరణం 3ఎక్స్ + 4వై = 12 అని ఇస్తే వాలు 3 అనకూడదు. వై ఒంటరిగా ఎడమవైపు నిలబడ్డాకే వాలు చదవాలి. అప్పుడది వై = -(3/4)ఎక్స్ + 3 అవుతుంది, వాలు -3/4. ఇక (5, 1), (5, 9) వంటి బిందువులిస్తే ఎక్స్ భేదం సున్నా. సున్నాతో భాగహారం కుదరదు కనుక ఆ నిలువు రేఖకు వాలు నిర్వచితం కాదు, అది ఈ రూపంలో ఇమడదు. దాని సమీకరణం ఎక్స్ = 5 అని రాస్తే చాలు.

చివరగా మీకొక లెక్క. (3, -1), (-3, 11) బిందువుల గుండా పోయే రేఖ సమీకరణం కనుక్కోండి. తర్వాత దాన్ని వై = -2ఎక్స్ + 3 పక్కన పెట్టి, ఆ రెండు రేఖలూ ఎక్కడైనా కలుస్తాయో లేదో గ్రాఫు గీయకుండానే చెప్పండి.